గుంటూరు శనివారం బైబిల్ క్లాసు రివ్యూ: అన్యభాషలూ ఎలక్షన్లూ ఒకే గదిలో

బ్రాడీపేటలో ఒక ఇంటి మేడ మీద శనివారం సాయంత్రాలు జరిగే బైబిల్ క్లాసు గురించి రాస్తున్నా. పరిశుద్ధాత్మ వరాలు (అన్యభాషలు, ప్రవచనం, స్వస్థత లాంటివి), సంఘంలో మన అలవాట్లు, క్రైస్తవులూ రాజకీయాలూ, ఈ మూడూ కలిపి ఒకే కోర్సుగా చెప్తున్నారు. పేరు మాత్రం రాయట్లేదండి, నడిపేవాళ్ళే వద్దన్నారు, గది చిన్నది, ఇప్పటికే కుర్చీలు చాలక వెనక చాపలేసి కూర్చోబెడుతున్నారు. నిజంగా రావాలనుకున్నవాళ్ళు ఏసీ కాలేజీ వైపు ఉన్న లూథరన్ కుటుంబాల్లో ఎవరినైనా అడగండి, దారి చెప్తారు.

నేను పుట్టి పెరిగింది లూథరన్ గుళ్ళో, పెళ్ళయి వెళ్ళింది తాడేపల్లిలో పెంతెకొస్తు ఇంటికి. పుట్టింట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసి పాడేవాళ్ళం, ఆరాధన క్రమం ఎట్టా రాసుంటే అట్టాగే జరిగేది, ఎవరైనా గట్టిగా హల్లెలూయా అంటే ముందు వరుసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. అత్తగారింట్లో అయితే అన్యభాషల్లో, అంటే ఆత్మ నడిపిస్తే మనకి తెలియని భాషల్లో, ప్రార్థన రాకపోతే నీకింకా అభిషేకం రాలేదమ్మా, ఉపవాసముండి కనిపెట్టు అనేవాళ్ళు. రెండు చోట్లా ప్రభువుని మనసారా ప్రేమించేవాళ్ళు ఉన్నారు, అది నేను కళ్ళారా చూశాను. కానీ రెండు చోట్లా ప్రశ్న అడిగితే ముఖాలు మారిపోతాయి. ఇక్కడ అడిగితే నీకు ఆ పెంతెకొస్తు గాలి తగిలింది అంటారు, అక్కడ అడిగితే ఆత్మని దుఃఖపెడుతున్నావు అంటారు. అందుకే ఈ క్లాసు గురించి వినగానే మా అత్తయ్యని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను, ఇద్దరం కలిసి విన్నదే ఇంట్లో మాట్లాడుకోగలం కదా అని.

చెప్పేవాళ్ళు ఇద్దరు. ఒకాయన రిటైరైన లెక్చరర్, లూథరన్, అందరూ మాస్టారు అంటారు. రెండో ఆయన విజయవాడలో పెంతెకొస్తు సంఘ కాపరి, అయ్యగారు అంటాం. వీళ్ళిద్దరికీ అన్ని విషయాల్లో కుదరదు, కుదరనట్టు నటించరు కూడా, అందరి ముందే ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం చెప్పుకుంటారు, మళ్ళీ చివర్లో ఒకే చోట మోకాళ్ళూని ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకుంటారు. నాకు ఈ క్లాసులో అన్నిటికంటే నచ్చింది ఇదే. మన దగ్గర వేరే డినామినేషన్ వాళ్ళ గురించి వాళ్ళు లేనప్పుడే ప్రసంగాలు చేస్తారు, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం నేను ఇంతకుముందు చూళ్ళేదు.

మొదటి భాగం చరిత్ర. నేను బోర్ కొడుతుందేమో అనుకున్నా గానీ చాలా బాగా చెప్పారు. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరులో దిగడం, ఆ లూథరన్ మిషన్ పని నుంచి 1927లో ఏఈఎల్‌సీ, అంటే మన ఆంధ్రా లూథరన్ సంఘం ఏర్పడటం మాకు సండేస్కూల్లోనే తెలుసు. తెలియంది ఏంటంటే పెంతెకొస్తు కథ. అందరూ 1906లో లాస్ ఏంజిల్స్‌లో అజూసా స్ట్రీట్‌లో మొదలైందంటారు, అక్కడ నడిపించిన విలియం సేమూర్ ఒక నల్లజాతి దైవజనుడు, బానిసలుగా బతికినవాళ్ళ కొడుకు, ఆ రోజుల్లో తెల్లవాళ్ళు నల్లవాళ్ళు ఒకే గదిలో మోకాళ్ళూనడం అక్కడ పేపర్లకే వింత. కానీ అంతకంటే ఒక ఏడాది ముందే 1905లో మన దేశంలోనే, పూణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో అనాథ పిల్లలు, విధవలు ఉన్న చోట ఉజ్జీవం వచ్చింది, ఆ ఆడపిల్లలు పాపాలు ఒప్పుకుని ఏడ్చి గంటలు గంటలు ప్రార్థనల్లో ఉన్నారు. ఇది విన్నప్పుడు మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆత్మ పని అంటే అమెరికా నుంచి వచ్చిన ఫ్యాషన్ అని లూథరన్ వైపు చాలామంది అనుకుంటారు, యూట్యూబ్ చూసి నేర్చుకున్నారు అంటారు, ఆ మాట పూర్తిగా నిజం కాదని మాస్టారే, అంటే లూథరన్ మాస్టారే నిలబడి చెప్పారు.

తర్వాత 1960లో కాలిఫోర్నియాలో డెనిస్ బెనెట్ అనే ఎపిస్కోపల్ (అమెరికాలో ఆంగ్లికన్ సంఘం) గురువు తన సంఘానికి నేను అన్యభాషల్లో మాట్లాడాను అని ఓపెన్‌గా చెప్పడం, దాంతో ఆ సంఘం వదిలి వెళ్ళాల్సి రావడం, అక్కడి నుంచి ఈ కారిస్మాటిక్ ఉద్యమం పాత డినామినేషన్ల లోపలికి ఎట్టా వచ్చిందో చెప్పారు. 1967 నాటికి కాథలిక్కుల్లోకి కూడా వచ్చింది. ఈ తేడా నాకు ఉపయోగపడింది, పెంతెకొస్తు అంటే వేరే సంఘం పెట్టుకున్నవాళ్ళు, కారిస్మాటిక్ అంటే ఉన్న సంఘంలోనే ఉండి వరాలు కోరుకున్నవాళ్ళు అని స్థూలంగా అనుకోవచ్చు, మన ఊళ్ళల్లో ఇప్పుడు ఇవన్నీ కలిసిపోయాయి, స్వతంత్ర సంఘాలు వీధికొకటి వచ్చాయి కాబట్టి బోర్డు చూసి ఏ బోధో చెప్పలేం.

ఇక సిద్ధాంతం దగ్గరికి వస్తే అసలు గొడవ అక్కడే. వరాలు అపొస్తలులతోనే ఆగిపోయాయి అనేవాళ్ళ వాదన మాస్టారు చాలా నిజాయితీగా చెప్పారు, ప్రిన్స్‌టన్‌లో చెప్పిన బి.బి. వార్‌ఫీల్డ్ ఈ వాదనకి పెద్ద పేరు, 1918 నాటి మనిషి, సూచక క్రియలు అపొస్తలుల అధికారానికి ముద్ర, ఆ ముద్ర పని అయిపోయింది అంటాడాయన. అయ్యగారు దానికి మొదటి కొరింథీ 13 తీశారు, పూర్ణమైనది వచ్చినప్పుడు ఇవి నిలిచిపోతాయి అని ఉంది గదా, ఆ పూర్ణమైనది బైబిల్ పూర్తవడం అని కొందరంటారు గానీ వెంటనే కింద ముఖాముఖిగా చూస్తాం అని ఉంది, మనం ఇంకా ముఖాముఖిగా చూడట్లేదు కదండీ అన్నారు. మాస్టారు దానికి ఒప్పుకున్నారు, ఆ వచనం మీద వాదన నిలబెట్టలేం అన్నారు. తర్వాత అదే పద్ధతిలో అయ్యగారిని కూడా నిలదీశారు. ఆత్మ బాప్తిస్మానికి గుర్తు అన్యభాషలే అంటే, అదే పత్రిక 12వ అధ్యాయం చివర్లో పౌలు అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని అడిగాడు, ఆ ప్రశ్నకి జవాబు అందరూ మాట్లాడరు అనే గదా, మరి మాట్లాడనివాళ్ళని ఎందుకు తక్కువ చేస్తున్నారు మీ సంఘాల్లో? అయ్యగారు కాసేపు ఆగి, అపొస్తలుల కార్యాల్లో జరిగినదాన్ని బట్టి మా వాళ్ళు అట్టా నమ్ముతారు, నేనూ నమ్ముతాను, కానీ ఎవరినీ రెండో రకం విశ్వాసిగా చూడటం తప్పు, మా సంఘంలో ఇకనుంచి ఆ మాట అననివ్వను అన్నారు. అత్తయ్య ఆ రోజు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తుంటే, అమ్మాయ్ నీకు అభిషేకం రాలేదని ఇంక అననులే అంది. దానికోసమైనా ఈ క్లాసుకి నేను ఎంత ఇచ్చినా తక్కువే.

ఇప్పుడు రిజిస్టర్ సంగతి చెప్పాలి, ఇది ఎక్కడా లేదు.

టేబుల్ మీద నీలం అట్ట లాంగ్ బుక్ ఒకటి ఉంటుంది, స్కేలు పెట్టి గీతలు గీసి కాలమ్‌లు చేశారు. తేదీ, చెప్పింది ఎవరు, ఎవరికి, చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు, ఆ తర్వాత చివర ఒక కాలమ్ ఖాళీ. ప్రార్థన టైములో ఎవరైనా ప్రవచనం అని చెప్తే అక్కడే రాస్తారు, చెప్పినవాళ్ళ చేత సంతకం పెట్టిస్తారు. ఏడాది తర్వాత అదే తేదీకి ఆ పేజీ తీసి ఖాళీ కాలమ్ నింపుతారు. పేర్లు కనపడకుండా పక్కన కాగితం పెట్టి కొన్ని పేజీలు మాకు చూపించారు. ఒకావిడకి ఈ సంవత్సరం గర్భఫలం అని చెప్పినదానికి ఎదురుగా, జరగలేదు, చెప్పిన సహోదరుడు భార్యతో కలిసి వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాడు అని ఉంది. ఇంకొక చోట ఒక పెద్దాయనకి, మాటల్లేని మీ అన్న దగ్గరికి వెళ్ళు అని చెప్పారు, ఎదురుగా, ఆ వారమే వెళ్ళారు, సమాధానపడ్డారు, అన్నగారు నెలలోపే ప్రభువు దగ్గరికి వెళ్ళారు అని ఉంది. ఇది చదివినప్పుడు గదిలో చప్పుడు లేదు. చాలా వాటికి ఎదురుగా మాత్రం పరీక్షించడానికి వీల్లేదు అని రాసుంది, దేవుడు నిన్ను హెచ్చిస్తాడు, ద్వారాలు తెరుస్తాడు లాంటివి, ఎవరికైనా ఎప్పుడైనా సరిపోయేవి.

అత్తయ్య చెయ్యెత్తి అడిగింది, ఇట్టా రాసిపెట్టుకుని కూర్చుంటే ఇంక ఎవరికైనా ప్రవచనం చెప్పడానికి నోరొస్తుందా అయ్యగారూ అని. ఆయన, దేవుడే చెప్పాడని నమ్మేవాడికి రాసుకుంటే భయమెందుకు అమ్మా, బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీయమని మనమే అడుగుతాం గదా అన్నారు. తర్వాత మూడు వాక్యాలు చదివించారు. మొదటి థెస్సలొనీక 5లో ఆత్మను ఆర్పకుడి అన్న చోటే సమస్తమును పరీక్షించమని ఉంది, రెండూ పక్కపక్కనే. మొదటి కొరింథీ 14లో ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాలి, మిగతావాళ్ళు వివేచించాలి, ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలోనే ఉంటాయి అని ఉంది, అంటే నా చేతుల్లో లేదు ఆత్మే నన్ను ఊపేసింది అనడానికి కుదరదు. ద్వితీయోపదేశకాండం 18లో, యెహోవా పేరున చెప్పింది జరక్కపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, దానికి భయపడొద్దు అని ఉంది. భయపడొద్దు అనే ఆ మాట మన విశ్వాసులకి ఎంత అవసరమో. ఎంతమంది ఆడవాళ్ళు ఎవరో స్టేజీ మీద చెప్పిన మాట పట్టుకుని సంబంధాలు వదులుకున్నారో, ఉద్యోగాలు మానేశారో, ఇళ్ళు తాకట్టు పెట్టి కానుకలు ఇచ్చారో మన చుట్టూ చూస్తే తెలుస్తుంది. పరీక్షించే పని నమ్మనివాళ్ళకి వదిలేశాం మనం, వాళ్ళు వెక్కిరిస్తూ చేస్తారు, మోకాళ్ళూని ప్రార్థించేవాళ్ళే ఈ పని చెయ్యాలి. నేను ఈ క్లాసుని ఇంతలా చెప్పడానికి కారణం ఇదే.

స్వస్థత గురించిన వారం కాస్త బరువుగా నడిచింది. మా వీధిలో ఒకావిడ విజయవాడలో ఏదో పెద్ద స్వస్థత సభకి వెళ్ళి, నీకు షుగర్ పోయింది మాత్రలు వేసుకుంటే అవిశ్వాసం అని స్టేజీ మీద చెప్తే మానేసింది, కాలికి పుండు పడి జీజీహెచ్‌లో చేరితే వేళ్ళు తీసేశారు. అది నేను క్లాసులో చెప్పాను. చెప్పాక ఇంకో ఇద్దరు ముగ్గురు వాళ్ళ ఇళ్ళల్లోవి చెప్పారు. అయ్యగారు స్వస్థత లేదనలేదు, ఆయన స్వయంగా రోగుల కోసం చేతులుంచి ప్రార్థిస్తారు, తగ్గినవాళ్ళ సాక్ష్యాలు కూడా చెప్పారు, కానీ పౌలు తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం తీసుకో అన్నాడు, తన తోటి సేవకుడు త్రోఫిముని మిలేతులో జబ్బుతో ఉండగానే వదిలి వచ్చానని రాశాడు, తన శరీరంలో ముల్లు కోసం మూడుసార్లు వేడుకుంటే నా కృప నీకు చాలు అని జవాబొచ్చింది, ఈ మూడు చోట్లా పౌలుకి విశ్వాసం చాల్లేదని ఏ పాస్టరైనా అనగలడా అని అడిగారు. మాస్టారు ఇంకో మాట కలిపారు, 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు మీద ఇప్పటికీ ఆసుపత్రి ఉంది, మన ఊరికి సువార్త వచ్చిందే ప్రార్థన ఒక చేత్తో మందు ఒక చేత్తో పట్టుకుని, ఆ రెండిటికీ గొడవ పెట్టడం మన చరిత్రకే విరుద్ధం అని. షుగర్, క్యాన్సర్ లాంటి రోగాలు మహిమతో నయమవుతాయని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి కేంద్ర చట్టం ఒకటుందని కూడా చెప్పారు, రోగాల పేర్లు రాసి ప్రార్థన నూనె సీసాలు అమ్మేవాళ్ళు అది ఒకసారి చదువుకుంటే మంచిదన్నారు. మా వీధి ఆవిడకి ఇప్పుడు మాత్రలు నేనే గుర్తు చేస్తున్నా, ప్రార్థన కూడా ఇద్దరం కలిసే చేసుకుంటున్నాం.

సంఘ సంస్కృతి అన్న భాగం కొంచెం తొందరగా లాగించారు, ఫ్లెక్సీలు, పాస్టర్ పుట్టినరోజు ఊరేగింపులు, తండ్రి తర్వాత కొడుక్కే పల్పిట్, వాగ్దాన కార్డుల్లో శాపాల వచనాలు ఎప్పుడూ రాకపోవడం, ఇవన్నీ చెప్పారు గానీ అందరికీ తెలిసినవే. ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకున్నారు. అభిషేకింపబడినవారిని ముట్టకూడదు అనే వచనం. దైవజనుణ్ణి లెక్కలడిగితే, తప్పు చూపిస్తే ఈ వచనం తీసి నోరు మూయిస్తారు. 105వ కీర్తనలో అది అబ్రాహాము ఇస్సాకు యాకోబులకి రాజులు హాని చేయకూడదని దేవుడు చెప్పిన మాట. దావీదు సౌలు మీద చెయ్యి వెయ్యలేదు, నిజమే, కానీ గుహ బయటికొచ్చి అందరికీ వినపడేట్టు నువ్వు నాకు అన్యాయం చేస్తున్నావని చెప్పాడు. అదే దావీదు రాజయ్యాక తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి ఆ మనుష్యుడవు నీవే అన్నాడు. పౌలు అంతియొకయలో పేతురుని ముఖాముఖిగా ఎదిరించాడు. మరి మన అయ్యగార్లు పేతురు కంటే పెద్దవాళ్ళా? ఇది అడిగింది పెంతెకొస్తు అయ్యగారే, అందుకే అంత బలంగా తాకింది.

రాజకీయాల భాగానికి వచ్చేసరికి జనం డబుల్ అయ్యారు. మొదట అమెరికా సంగతి. 2020 ఎన్నికలకి ముందు అక్కడ చాలామంది ప్రవక్తలు ట్రంప్ మళ్ళీ గెలుస్తాడని దేవుడు చెప్పాడన్నారు, ఓడిపోయాడు. జెరమయా జాన్సన్ అనే ఆయన 2021 జనవరిలో నేను తప్పు చెప్పానని బహిరంగంగా క్షమాపణ అడిగితే, ఆయన్ని నమ్మినవాళ్ళే తిట్టి బెదిరింపులు పంపారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ మటేరా లాంటి కారిస్మాటిక్ నాయకులే ప్రవచనాలకి ప్రమాణాలు అని ఒక ప్రకటన తయారు చేశారు, బహిరంగంగా చెప్పిన ప్రవచనం తప్పితే బహిరంగంగానే బాధ్యత తీసుకోవాలి అని. అంటే మన బ్రాడీపేట లాంగ్ బుక్‌లో ఉన్న సూత్రమే. ఇంకా యెషయా 45లో దేవుడు వాడుకున్న అన్యరాజు కోరెషు పేరుంది కాబట్టి 45వ ప్రెసిడెంట్ ట్రంప్ ఈ కాలపు కోరెషే అని లాన్స్ వాల్‌నవ్ ప్రచారం చేయడం, ఏడు పర్వతాలు అని, అంటే మతం కుటుంబం విద్య ప్రభుత్వం మీడియా కళలు వ్యాపారం ఈ ఏడిటి మీదా విశ్వాసులు పట్టు సాధించాలనే బోధ, 1975లో బిల్ బ్రైట్, లోరెన్ కన్నింగ్‌హామ్ సమాజంలోకి వెళ్ళి సేవ చెయ్యడానికి అనుకున్న ఆలోచన, తర్వాతి వాళ్ళ చేతిలో అధికారం పట్టుకునే ప్లాన్‌గా ఎట్టా మారిందో చెప్పారు. మాస్టారు అడిగారు, యేసుని ఎత్తైన కొండ మీదికి తీసుకెళ్ళి రాజ్యాలన్నీ ఇస్తానన్నది ఎవరు, సాతానే గదా? అప్పుడు ప్రభువు ఏమన్నాడు?

ఇక్కడిదాకా అద్భుతం. ఇక్కడినుంచి నా కంప్లయింట్.

మన ఊరి రాజకీయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి గొంతూ తగ్గిపోయింది. చట్టం బాగానే చెప్పారు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద మతం పేరు చెప్పి ఓటు అడగడం అవినీతి చర్య, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ నలుగురు ముగ్గురు తేడాతో, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం చెప్పి అడిగినా తప్పే అని తేల్చింది. 1988లో వచ్చిన చట్టం ప్రకారం ప్రార్థన స్థలాన్ని రాజకీయానికి వాడనిస్తే నిర్వాహకులకి ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇవన్నీ వినగానే గదిలో సగం మంది కిందికి చూశారు. 2024 మే 13 పోలింగ్‌కి ముందు ఆదివారాల్లో మన గుళ్ళల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. మేం వెళ్ళిన ఒక చోట క్యాండిడేట్‌ని స్టేజీ ఎక్కించి, చేతులుంచి ప్రార్థించి, శాలువా కప్పి, మన బిడ్డ మనోడు అన్నారు, అన్యభాషల్లో కూడా ప్రార్థించారు. ఇంకో పార్టీ ఆయనకి వేరే సంఘంలో అదే అభిషేకం జరిగింది. ఇద్దరికీ గెలుపు ప్రవచనాలు చెప్పారు. రెండూ నిజం కాలేవు గదా. ఆ ప్రవచనాలు ఏ లాంగ్ బుక్‌లో రాశాం మనం?

నేను అదే అడిగాను. మాస్టారు, అది సున్నితమైన విషయం తల్లీ, తర్వాత చూద్దాం అన్నారు. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు. అమెరికా వాళ్ళ పేర్లతో సహా చెప్పినవాళ్ళు, ఇక్కడ పేర్లు వద్దులే కనీసం పద్ధతి గురించైనా ఎందుకు మాట్లాడరు? 2021లో అప్పటి ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5000 గౌరవ వేతనం మొదలుపెట్టింది, అర్చకులకీ ఇమాములకీ ఇస్తున్నప్పుడు పేద పాస్టర్లకి ఎందుకు ఇవ్వకూడదు అనే వాదన నాకు అర్థమవుతుంది, పల్లెల్లో చిన్న సంఘాలు చూసుకునే పాస్టర్ల ఇళ్ళు నేను చూశాను, నెలాఖరుకి బియ్యం ఉండవు. కానీ ప్రభుత్వం చేతి డబ్బు తీసుకుంటూ ఆ ప్రభుత్వానికి నాతానులా నిలబడి మాట్లాడగలమా అనే ప్రశ్న క్లాసులో రావాలి. రాలేదు. దశమభాగం మీద గంటలు గంటలు బోధించే సంఘాలు తమ ఊరి పక్కన పల్లెలో ఒక పాస్టర్ కుటుంబాన్ని పోషిస్తే ఆ 5000 అవసరమే ఉండదు కదా అని చాపల మీద కూర్చున్న ఒక తమ్ముడు అన్నాడు, మంచి మాట, దాన్ని కూడా ముందుకి తీసుకెళ్ళలేదు.

కులం విషయం ఇంకా ఘోరం, అరగంట కూడా ఇవ్వలేదు. ఆంధ్రాలో క్రైస్తవ రాజకీయం అంటే సగం అదే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో బాప్తిస్మం తీసుకున్నానని చెప్తే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఇంట్లో ప్రార్థన, కాగితం మీద వేరే మతం, పిల్లలకి రెండు పేర్లు. 2025లో మన హైకోర్టు, క్రైస్తవ్యంలోకి మారినవాళ్ళకి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఒక పాస్టర్ పెట్టిన కేసులోనే తీర్పు చెప్పింది. పల్లెల్లో ఆ పాస్టర్‌ని కొట్టినవాళ్ళు బాప్తిస్మం చూసి ఆగరు గదా. దీని మీద విశ్వాసి ఏం చెయ్యాలి, సర్టిఫికెట్ కోసం ప్రభువుని దాచిపెట్టాలా, చెప్పుకుని పిల్లల సీటు పోగొట్టుకోవాలా, ఈ బాధలో ఉన్నవాళ్ళు ఆ గదిలోనే ఎంతోమంది ఉన్నారు, వాళ్ళ ముఖాలు చూస్తూ యెషయా 45 గురించి గంటన్నర మాట్లాడటం నాకు నచ్చలేదు. పెద్ద కులాల నుంచి వచ్చిన విశ్వాసులు వేరే సంఘం, మాల సంఘం, మాదిగ సంఘం అని మనలో మనకే గోడలున్నప్పుడు, అజూసా స్ట్రీట్‌లో నల్లవాళ్ళు తెల్లవాళ్ళు కలిసి మోకాళ్ళూనిన కథ మొదటి వారం చెప్పింది దేనికి మరి? ఆత్మ దిగి వచ్చిందనడానికి నాకైతే అన్యభాషల కంటే ఆ గోడ పడటమే పెద్ద గుర్తు.

మిగతా చిన్న చిన్నవి. ఆరున్నరకి అంటారు, ఏడుకి గానీ మొదలవ్వదు, ముగిసేసరికి పది దాటుతుంది, విజయవాడ నుంచి వచ్చేవాళ్ళకి బస్సు ఇబ్బంది, మేం బండి మీద వెళ్ళాం గానీ శంకర్ విలాస్ దగ్గర బ్రిడ్జి పనుల వల్ల చుట్టూ తిరగాల్సొచ్చింది. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్ళకి కష్టం, లిఫ్ట్ లేదు, అత్తయ్యని నేను పట్టుకుని ఎక్కించాను. ఫీజు లేదు, జిరాక్స్ నోట్సుకి మాత్రం 150 తీసుకుంటారు, ఇవ్వలేనివాళ్ళని అడగరు. నోట్సులో అచ్చుతప్పులు బాగా ఉన్నాయి, వచనాల నంబర్లు రెండు చోట్ల తప్పు పడ్డాయి, సరిచూసుకుని చదవండి. కానుక డబ్బా అసలు తిప్పరు, అది నాకు చాలా సంతోషం. ప్రశ్నలడిగే టైములో మగవాళ్ళకే ఎక్కువ అవకాశం వెళ్తోంది, ఆడవాళ్ళు వెనక చాపల మీద ఉండటం వల్ల చెయ్యెత్తినా కనపడట్లేదు, ముందు రెండు వరుసలు మార్చి మార్చి కూర్చోబెడితే సరిపోతుంది, చెప్పాను, చూస్తామన్నారు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. బోధకి, రిజిస్టర్‌కి, ఇద్దరు వేరే సంఘాలవాళ్ళు ఒకే మైకు పంచుకోవడానికి పూర్తి మార్కులు, కోత మొత్తం మన ఊరి రాజకీయం దగ్గర తప్పించుకున్నందుకే. లూథరన్లు, సీఎస్‌ఐ వాళ్ళు, బాప్టిస్టులు, ఆత్మ పేరెత్తితే ఇబ్బందిపడేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. పెంతెకొస్తు తమ్ముళ్ళు చెల్లెళ్ళు కూడా వెళ్ళండి, మీ అనుభవాన్ని అక్కడ ఎవరూ ఎగతాళి చెయ్యరు, అది నేను హామీ ఇస్తాను. అప్పుడే స్టేజీలెక్కి ప్రవచనాలు చెప్తున్న కుర్ర సేవకులు అయితే మరీ ముఖ్యంగా వెళ్ళాలి. కొత్త బ్యాచ్ పండగ సెలవుల తర్వాత అంటున్నారు. ఈసారి గౌరవ వేతనానికి ఒక వారం, కులానికి ఒక వారం పూర్తిగా ఇవ్వమని నేనూ ఇంకొంతమంది అక్కలూ కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇచ్చాం, మాస్టారు తీసుకుని లాంగ్ బుక్‌లోనే పెట్టారు. వెళ్ళేవాళ్ళు మీరు కూడా మొదటి రోజే అడగండి.